ఇరవయ్యో నంబరు రేకు

లారీ షెడ్డులోకి వచ్చిన తీరు చూసి మేస్త్రి భార్య చేతిలోని గుడ్డ పక్కన పెట్టింది. మామూలుగా ఆ బండి గేటు దగ్గర గట్టు ఎక్కేటప్పుడు డ్రైవరు గేరు మార్చడు. ఈవేళ రెండుసార్లు మార్చాడు. ఎక్కాక కూడా ఇంజను ఆయాసపడుతూనే ఉంది.

"కొండ ఎక్కలేకపోయింది మేస్త్రీగారూ," అన్నాడు డ్రైవరు కిందికి దూకుతూ. బాగా పొడుగు మనిషి. ఇంజను ముందుకి ముక్కులా పొడుచుకొచ్చిన ఆ లారీ దిగడానికి అతనికి మెట్టుతో పనిలేదు. "టైల్సు లోడు. సగం రోడ్డు పక్కన దించి, మిగతా సగం పైకి చేర్చి, మళ్ళీ దిగొచ్చి ఎత్తుకున్నాను."

లారీ యజమాని వెనకాలే కారులో వచ్చాడు. "పొద్దున్నించీ టైల్సు కొన్నాయన ఫోన్లో నా ప్రాణం తీస్తున్నాడు," అని మేస్త్రికి చెప్పి, తనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మేస్త్రిని లారీలవాళ్ళంతా చెవి మేస్త్రి అంటారు. వాల్వుల మీద కొట్టే రాకర్లకీ వాల్వులకీ మధ్య ఉండాల్సిన వెంట్రుకంత సందుని అందరు మెకానిక్కులూ మందాన్ని బట్టి నంబర్లున్న గేజీ రేకులతో సరిచేసి మూత బిగించేస్తారు. ఆయన అక్కడ ఆగడు. ఇంజను నడిపించి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని, లారీల భాషలో టాపెట్టు అనే ఆ సందుల్ని ఒక్కొక్కటే విని, వెంట్రుకవాసి వదులో బిగుతో చేస్తాడు. "గేజీ పుట్టినప్పటి కొలత చెబుతుంది. ఇవాళ్టి ఒంటి సంగతి ఇంజనే చెప్పాలి," అంటాడు. చెవికి నచ్చాక, సందు సరిచేసే స్క్రూ మీదా, దాని నట్టు మీదా కలిపి సన్నటి ఎర్ర రంగు గీత గీస్తాడు. ఆ గీత చెరగలేదంటే ఆయన తరవాత ఇంకెవరూ చెయ్యి పెట్టలేదన్నమాట.

ఇంజను విప్పడంలో ఆ భార్యాభర్తలకి ఒక పద్ధతి ఉంది. ఆయన విప్పుతాడు, ఆమె వరస తప్పకుండా పరుస్తుంది. రాకర్లు తీయకముందు ఒక్కో సందులో రేకులు దూర్చి చూసి, ఎంత ఖాళీ ఉందో రాకరు వీపు మీద సుద్దతో రాయడం మాత్రం ఆమె సొంత అలవాటు. ఆయన ఆ అంకెల వంక ఏనాడూ చూడడు. "విప్పేసేదాన్ని కొలవడమెందుకోయ్, ఊరెళ్ళేవాడికి పక్క వేసినట్టు," అని నవ్వుతాడు.

సాయంత్రానికి, రాకర్లని ఆడించే క్యామ్ షాఫ్ట్ అనే ఇరుసు బయటికొచ్చింది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉండే పన్నెండు బొడిపెల్లో రెండిటి మొనలు అరిగి చదునైపోయాయి. వాటి వాల్వులు సగమే తెరుచుకుంటున్నాయన్నమాట. ఊపిరాడని ఇంజను కొండ ఎలా ఎక్కుతుంది? రాకర్ల ముక్కులు కూడా సుత్తితో కొట్టినట్టు గుంటలు పడ్డాయి.

మేస్త్రి అరిగిన చోట బొటనవేలితో రాసి చూశాడు. "ఆయిలు," అన్నాడు.

యజమాని డ్రైవరు వైపు తిరిగాడు.

"టైముకే మార్చానండీ. ఒక్కసారి కూడా దాటనివ్వలేదు."

"మారిస్తే ఇలా అవదు తమ్ముడూ," అన్నాడు మేస్త్రి. గొంతులో కోపమేమీ లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

"ఆరేళ్ళు నమ్మి బండి చేతికిచ్చాను," అన్నాడు యజమాని. "బండి తయారయ్యాక వేరే మనిషి తీసుకెళ్తాడు. నీ సామాను తీసేసుకో."

డ్రైవరు తలూపాడు. మేస్త్రి ఇంకేమైనా అంటాడేమోనని కాసేపు ఆయన నోటివంక చూస్తూ నిలబడ్డాడు. మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె షెడ్డు వెనక రేకు తొట్టిలో డీజిలు పోసి సామాన్లు కడుగుతోంది. కాసేపటికి బ్రష్షు ఆగిపోయింది. ఆయిలు మార్చని ఇంజను ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. మూత లోపల నల్లటి మడ్డి మాడిన గిన్నె అడుగులా పట్టేసి, గోకినా రాదు. ఈ మూత లోపలి వైపు లేత తేనెరంగులో ఉంది. ఒక్కసారి తుడవగానే తన ముఖం మసగ్గా కనపడింది.

ఆమె చేతులు తుడుచుకుని పరిచిన రాకర్ల దగ్గరికి వెళ్ళింది. ఈ ఇంజనులో ఒక్కో వాల్వుకి ఉండాల్సిన సందు ఇరవై పాయింట్లు, అంటే ఇరవయ్యో నంబరు రేకు మందం. అరిగిన రెండు బొడిపెల దగ్గర నలభై దాటింది. అది వింత కాదు, అరిగితే సందు పెరుగుతుంది. బొడిపె కొంచెం కూడా అరగని చోట, రాకరు వీపు మీద తన చేతిరాతే ముప్ఫై అని ఉంది. పక్కదాని మీద ముప్ఫై ఒకటి. ఆ పక్కన మళ్ళీ ముప్ఫై. అన్నిటి మీదా ఎర్ర గీతలు గీసింది గీసినట్టే ఉన్నాయి.

అంత వదులుంటే రాకరు వాల్వుని నొక్కదు, కొడుతుంది. నిమిషానికి కొన్ని వందల దెబ్బలు. బొడిపెలు తినేసింది అదే.

డ్రైవరు క్యాబిన్ ఖాళీ చేస్తున్నాడు. దిండు, దుప్పటి, గిన్నె, అద్దం పక్కన అంటించిన చిన్నపిల్ల ఫొటో. ఫొటో చిరగకుండా గోటితో మెల్లగా ఊడదీస్తున్నాడు. అది అయ్యాక, ఎవరూ అడగకపోయినా, బండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"తమ్ముడూ," అని పిలిచిందామె. "పోయినసారి ఇక్కడ టాపెట్లు పెట్టించుకెళ్ళావు కదా. బండి బాగా నడిచిందా?"

అతను తుడుస్తూనే, "నడవడానికేంటక్కా, నడిచింది. చప్పుడే కొంచెం ఎక్కువనిపించింది," అన్నాడు.

"ఎప్పణ్ణించి?"

"ఇక్కణ్ణించి తీసుకెళ్ళిన రోజునించే. గేటు దాటుతుంటేనే అనిపించింది, కుట్టుమిషనులా టకటకమంటోందేంటా అని. మేస్త్రీగారు స్వయంగా చెవి పెట్టి విన్నారు కదా, ఆయనకి వినపడంది నాకు వినపడుతుందా అనుకుని ఊరుకున్నాను." కాస్త నవ్వాడు. "ఆరేళ్ళు దాని పక్కనే పడుకున్నాను గదక్కా. ఒకోసారి లేని చప్పుళ్ళు కూడా వినపడతాయి."

ఆ టకటక ఆమె కూడా విన్నది. ఈ మధ్య షెడ్డులోంచి వెళ్ళే ప్రతి బండీ అలాగే మోగుతోంది. ఆయన పెట్టింది కాబట్టి అలాగే ఉండాలి కాబోలు అనుకుంది.

మధ్యాహ్నం ఇద్దరూ షెడ్డు నీడలో భోజనానికి కూర్చున్నారు. పైన ఇనప దూలం మీద నాలుగు పిచ్చుకలు చోటు కోసం పోట్లాడుకుంటున్నాయి. వాటి గోలకి ఆమెకి తన మాటే సరిగ్గా వినపడటం లేదు.

"పిచ్చుకలు రావడం మానేశాయోయ్," అన్నాడాయన కంచంలోకి చూస్తూ. "పూర్వం ఎంత గోల చేసేవి."

రెండేళ్ళుగా అంటున్నాడు ఆ మాట. పూర్వంలా రావడం లేదంటున్నాడనే ఆమె అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ముద్ద చేతిలో ఉండిపోయింది. ఆయనకి తన మాట వినపడుతుంది, లారీ హారను వినపడుతుంది, తలుపు చప్పుడు వినపడుతుంది. సన్నటివి మాత్రం జారిపోతున్నాయి. పిచ్చుకలూ, టాపెట్లూ.

టాపెట్టు కాస్త పలకాలి, అస్సలు పలకనిది బిగుతై వాల్వుని కాల్చేస్తుంది అనేది ఆయన లెక్క. పలకడం వినపడేదాకా వదులు చేస్తాడు. వినపడేదాకా. అందుకన్నమాట.

"ఏంటలా చూస్తావు? ముఖాన మసి ఉందా?"

"ఉంది," అని ఆమె కొంగుతో ఆయన చెంప తుడిచింది. మసేమీ లేదు.

చెప్పేద్దామనుకుంది. అంతలోనే స్పేర్ పార్ట్స్ కొట్టు పెట్టుకున్న ఆమె పెదనాన్న కొడుకు, చంకలో పొడుగాటి పెట్టెలతో దిగాడు. వెంట యజమాని.

"మూడు తెచ్చాను బావా," అన్నాడు ఆ తమ్ముడు, క్యామ్ షాఫ్టులు గోనె మీద పరుస్తూ. "స్వయంవరం చేసుకో."

మొదటిది బండితో వచ్చినలాంటిదే. రెండోదాని బొడిపెలు దానికంటే పిసరంత ఎత్తు. మూడోదానివి బాగా ఎత్తుగా, లావుగా ఉన్నాయి. యజమాని చెయ్యి తిన్నగా మూడోదాని మీదికి వెళ్ళింది. "మా తోటివాడు ఇదే వేయించాడు. గాలిలా పోతోందట."

"లోడుతోనా, ఖాళీగానా?" అని అడిగాడు మేస్త్రి.

"అది అడగలేదు."

"మీరు టైల్సు మోస్తారా, పందేలకి తోలతారా?"

ఆమె తమ్ముడు పెదవి బిగించి నవ్వాపుకున్నాడు. మేస్త్రి మూడోదాన్ని అరచేతుల్లో పెట్టి తిప్పాడు. "ఈ లావు బొడిపె వాల్వుని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఇంజను జోరుగా తిరిగేటప్పుడు మంచిదే. లోడుతో కొండెక్కేటప్పుడు మన ఇంజను మెల్లగా తిరుగుతుంది. అప్పుడు పీల్చిన గాలిలో కొంత మళ్ళీ బయటికే పోతుంది. అడుగున ఉండాల్సిన బలం ఉండదు. తలుపు కాస్త వారగా కాకుండా బార్లా తెరవాలి, అంతేగాని పొద్దస్తమానం తెరిచి కూర్చోకూడదు." రెండోదాన్ని పక్కకి తీశాడు. "ఇది."

రాకర్లు కూడా రెండు రకాలు. ఒకదాని ముక్కు నున్నటి ఇనుము. రెండోదాని ముక్కుకి చిన్న చక్రం ఉంది. మేస్త్రి ఆ చక్రాన్ని గోటితో తిప్పి, కళ్ళు మూసుకుని, అది ఎంతసేపు తిరుగుతుందో వేలిచివరతో చూశాడు. "బొడిపె ఎత్తు పెంచితే రాకరు వాల్వు నెత్తి మీద ఇంకా ఎక్కువ దూరం రాసుకుంటుంది. ఇది రాసుకోదు, దొర్లుతుంది. చక్రాలవే వేద్దాం. స్ప్రింగులు కూడా దీనికి తగినవి."

ఆమె ఆయన వేళ్ళ వంకే చూస్తోంది. తప్పు ఒక్కటీ లేదు. ఎన్ని కొట్లలో అడిగినా ఇంత విడమరిచి చెప్పే మనిషి దొరకడు.

"ఎంత మంచిది వేసినా," అని లేస్తూ అన్నాడాయన, "ఆయిలు చూసుకునే చెయ్యి మారాలి."

అవతల బండి తుడుస్తున్న డ్రైవరు చేతిలో గుడ్డ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

ఆ రాత్రీ, మర్నాడూ ఆమె నోటిదాకా వచ్చిన మాటని మింగేసింది. ఎక్కడ మొదలుపెట్టాలి? మీ చెవి అనా, మీ పేరు అనా? రెండూ ఒకటే అయి కూర్చున్నాయి. ఆ మర్నాడే, బండి వచ్చిన మూడోరోజున, ఆయన పిస్టన్ల నెత్తిన మెత్తటి బంకమట్టి అద్ది, ఇంజను చేత్తో తిప్పి, మళ్ళీ విప్పి ఆ మట్టిబిళ్ళలు ఆమెకిచ్చాడు. ఇప్పుడు ఇంకా లోపలికి దిగే వాల్వులు పిస్టన్లకి తగులుతాయేమో తెలిసేది దానివల్లే. ఆమె బ్లేడుతో మట్టిని నిలువుగా కోసి, అన్నిటికంటే పల్చటి చోట కొలిచింది. "తగలదు. కావలసినంత ఉంది," అంది.

"నీ కొలతకి తిరుగేముంది," అన్నాడాయన, వెళ్ళి చూడకుండానే.

ఆ మాట ఆమె మనసులో నాటుకుంది.

నాలుగో రోజు పొద్దున రాకర్లు బిగించారు. గేజీతో సందులు ఆయనే పెట్టాడు, అన్నీ ఇరవై దగ్గర, తూచినట్టు. పది గంటలకి యజమాని కొత్త డ్రైవరుతో వస్తానన్నాడు. పాత డ్రైవరు మూట కట్టుకున్న సామానుతో గేటు పక్క అరుగు మీద కూర్చున్నాడు, బండి మొదటిసారి పలకడం విని వెళదామని.

ఇంజను మొదలైంది. మెత్తగా, నిండుగా తిరుగుతోంది. గేటు దగ్గర కూర్చున్న పొడుగాటి మనిషి తలెత్తడం ఆమె చూసింది. ఇది బాగుంది. ఇక్కడ ఆపేస్తే చాలు.

మేస్త్రి స్క్రూడ్రైవరు పిడి చెవిలో పెట్టుకున్నాడు. నుదురు ముడిపడింది. వెతుకుతున్నాడు. నట్టు సడలించి, స్క్రూ పిసరు వెనక్కి తిప్పి, మళ్ళీ విన్నాడు. ఇంకో పిసరు. టకటక మొదలైంది. ఇంకో పిసరు. చప్పుడు పెద్దదయ్యాక ఆయన ముఖం విచ్చుకుంది. రెండోదాని దగ్గరికి జరిగాడు.

ఆమె క్యాబిన్ లోకి చెయ్యి పెట్టి ఇంజను ఆపేసింది.

ఆయన తలతిప్పి చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన వింటుండగా ఎవరూ అలా ఆపింది లేదు.

"ఏమైంది?"

ఆమె గేజీలోంచి ఇరవయ్యో నంబరు రేకు తీసి మొదటి రాకరు కింద దూర్చింది. అది ఖాళీ ఇంట్లోకి వెళ్ళినట్టు వెళ్ళింది. దాని మీదే పదో నంబరు రేకు పెట్టి రెండూ కలిపి తోసింది. రెండూ వెళ్ళాయి. ఆయన చెయ్యి పట్టుకుని, ఆ రేకుల కొసలు ఆయన వేళ్ళ మధ్య ఉంచింది.

ఆయన ముందుకీ వెనక్కీ కదిపి చూశాడు. ఆ వేళ్ళకి చెప్పాల్సిన పనిలేదు.

"ఇది నేను పెట్టిందేనా?"

"ఇప్పుడే పెట్టారు."

ఆమె కడగకుండా పక్కన పెట్టిన పాత రాకర్లు పళ్ళెంలో తెచ్చి ఆయన ముందుంచింది. సుద్ద అంకెలు, వాటి పక్కన ఎర్ర గీతలు. ఆయన ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చదివాడు. ముప్ఫై. ముప్ఫై ఒకటి. ముప్ఫై. ఆమె అంకెలు ఆయన చదవడం అదే మొదటిసారి. చదవడం అయ్యాక పనిముట్ల పెట్టె మీద కూర్చున్నాడు.

"ఎప్పణ్ణించి?" అన్నాడు.

"తెలీదు. నేనూ మొన్ననే గమనించాను." ఆమె ఆయన పక్కన చోటు చేసుకుని కూర్చుంది. "పిచ్చుకలు మానలేదండీ."

"వస్తున్నాయా?"

"ఇప్పుడూ అరుస్తున్నాయి."

ఆయన తలెత్తి దూలం వంక చూశాడు. నాలుగు పిచ్చుకలు. ముక్కులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. చాలాసేపు అలాగే చూశాడు. ఆయన చెయ్యి తన మోకాలి మీద ఉంటే, ఆమె దాని మీద చూపుడువేలితో తట్టింది, మెల్లగా, వరస తప్పకుండా. "మొదట మీరు గేజీతో పెట్టినప్పుడు ఇలా ఉంది." తరవాత గట్టిగా, గోటితో. "మీరు విన్నాక ఇలా."

ఆయన తలూపాడు. "ఊళ్ళో బళ్ళన్నీ ఇలాగేనా?"

"పిలిపిద్దాం. ఒక్కొక్కటీ సరిచేద్దాం. డ్రైవరు ఆయిలు మార్చాడండీ, మూత లోపల మడ్డే లేదు."

బయట కారు ఆగింది. యజమాని, వెనకాల చేతిసంచితో కొత్త డ్రైవరు. మేస్త్రి లేచి చొక్కా సర్దుకున్నాడు. బండి ఇంకో గంటలో ఇస్తానని చెప్పి, లోపల సందులు సరిచేసి మూత బిగించేస్తే ఎవరికీ తెలియదు. ఆయన అలా చేసినా తను తప్పుపట్టగలదా అని కూడా ఆమె అనుకుంది.

"ఆయిలు కాదండీ," అన్నాడు మేస్త్రి.

"ఏది?"

"బొడిపెలు అరగడం. పోయినసారి టాపెట్లు వదులుగా పెట్టాను. నాకు సన్నటి చప్పుళ్ళు వినపడటం లేదు. ఆయిలు ఇతను టైముకే మార్చాడు, మూత చూస్తే మీకే తెలుస్తుంది. నేనే చూడకుండా మాట అనేశాను."

యజమాని ఆయన వంకా, పళ్ళెం వంకా చూశాడు. "మేస్త్రీ, నీ చెవిని నమ్మి గదయ్యా బండి ఇక్కడికి తెచ్చేది."

"ఇక మీదట చెవి పెట్టను. మా ఆవిడ గేజీ పెడుతుంది. అది నచ్చితేనే తీసుకురండి."

యజమాని బండి వైపు తిరిగాడు. "ముందు లోడుతో కొండ ఎక్కించి చూపించు. తరవాత మాట్లాడదాం. ఎవరు తోలతారు?"

కొత్త డ్రైవరు సంచి కింద పెట్టబోయాడు.

"ఈ ఇంజను చప్పుడు తెలిసినవాడు తోలాలి," అని మేస్త్రి గేటు వైపు చెయ్యి చూపించాడు. "అతనే."

కొత్త డ్రైవరు సంచి మళ్ళీ భుజానికి వేసుకున్నాడు. "అయితే నేను వెళ్ళనా?" అన్నాడు ఎవరితోనూ కాకుండా. యజమాని, "ఫోన్ చేస్తాలే," అన్నాడు.

మధ్యాహ్నానికి ఆమె పన్నెండు సందులూ పెట్టింది. లోడెత్తుకుని ముగ్గురూ బయల్దేరారు. డ్రైవరు, మధ్యలో ఆమె, తలుపు పక్కన మేస్త్రి. సామాను మూట డ్రైవరు ఇంకా విప్పలేదు, కాళ్ళ దగ్గరే పెట్టుకున్నాడు. కొండ మొదలైంది. మొన్న బండి ఆగిపోయిన మలుపు వచ్చింది. డ్రైవరు చెయ్యి అలవాటుగా గేరు మీదికి వెళ్ళి, అక్కడే ఆగింది. మార్చాల్సిన పని రాలేదు. మలుపు వెనకపడిపోయింది.

మేస్త్రి ముందున్న డాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. "లాగుతోందయ్యా," అన్నాడు తనలో తను.

"లాగుతోందండీ." డ్రైవరు ఏదో చెప్పబోయి మానేశాడు. రెండోసారీ మానేశాడు.

"చెప్పు," అన్నాడు మేస్త్రి.

"నాలుగో సిలిండరు దగ్గర ఒకటి కొంచెం పలుకుతోంది మేస్త్రీగారూ. చిన్నదే. నాకు ఉత్తినే అనిపిస్తోందేమో."

ఆమె చెవులు రిక్కించింది. తనకేమీ తేడా తెలియలేదు. పన్నెండూ తను స్వయంగా పెట్టినవే.

"బండి పక్కకి తియ్యి," అన్నాడు మేస్త్రి.

రోడ్డు వెడల్పైన చోట ఆపి, బానెట్ ఎత్తి, మూత తీశారు. ఇంజను వేడి ముఖానికి కొడుతుంటే ఆమె గుడ్డ చుట్టుకున్న చేత్తో ఇరవయ్యో నంబరు రేకు దూర్చింది. కొంచెం తేలిగ్గానే వెళ్ళింది. ఇరవై రెండు పెట్టింది. అది సరిగ్గా పట్టింది.

"ఎంత?"

"ఇరవై రెండు. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కదిలినట్టుంది. నా తప్పే."

మేస్త్రి డ్రైవరు వంక చూశాడు. "లోడుతో, ఎత్తు మీద, రెండు పాయింట్ల తేడా విన్నావా?"

డ్రైవరు తప్పు చేసినవాడిలా నేల చూశాడు. మేస్త్రి స్పానరూ స్క్రూడ్రైవరూ అతని చేతికిచ్చి తను పక్కకి జరిగాడు. ఆమె రేకు పట్టుకుంది, అతను స్క్రూ తిప్పాడు, రేకు లాగితే సన్నగా పట్టుకుని వదిలేదాకా. స్క్రూ కదలకుండా ఆనించి పట్టి నట్టు బిగించాడు. తరవాత క్యాబిన్ ఎక్కి ఇంజను మొదలుపెట్టి దిగొచ్చాడు.

"సరిపోయిందా మేస్త్రీగారూ?"

"నన్నడుగుతావేంటయ్యా," అన్నాడు మేస్త్రి.

డ్రైవరు ఇంజను మీదికి వంగి, తల ఓ పక్కకి వాల్చాడు. మేస్త్రి, అతను ఏం చెబుతాడా అని అతని నోటివంకే చూస్తూ నిలబడ్డాడు.